చేతికిచ్చిన సాఫ్ట్‌వేర్‌ను ఎంతవరకు దాచగలం?

(చిన్న సాఫ్ట్‌వేర్ తయారీదారులు, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మీలో సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని కస్టమర్ కంప్యూటర్‌లోనో ఫోనులోనో పెట్టి డబ్బు తీసుకునేవాళ్లు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. సగానికి పైనే ఉన్నారు. మెడికల్ షాపు బిల్లింగు, రైస్ మిల్లు లెక్కలు, స్కూలు ఫీజులు, చిట్టీలు... మంచిది. మీరు ముందుగా పంపిన ప్రశ్నలు చూశాను. మాటలు వేరైనా ప్రశ్న ఒకటే. ‘మా ప్రోగ్రామును ఎవరూ విప్పి చూడకుండా ఏం చేయాలి?’ జవాబు ముందే చెప్పేస్తాను. విప్పి చూడకుండా చేయలేరు.

లేవకండి, లేవకండి, ఇంకా చాలా ఉంది. చేయలేరు అన్నానే తప్ప, చేయడానికి ఏమీ లేదనలేదు. ఎంత ఆలస్యం చేయగలం, ఆ ఆలస్యానికి మనం చెల్లించే ధర ఎంత, అసలు కస్టమర్ చేతికి ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు? నన్నడిగితే ఈ మూడింటిలో చివరిదే ముఖ్యం. కానీ అందరూ మొదటిదాని చుట్టూనే తిరుగుతుంటారు.

ఎందుకు చేయలేమో చూద్దాం. ప్రోగ్రాము నడవాలంటే ప్రాసెసర్ దాన్ని చదవాలి. ప్రాసెసర్ చదవగలిగినదాన్ని, ఆ ప్రాసెసర్ ఎవరిదో వాళ్లూ చదవగలరు. మీరు ఎన్ని పొరలు చుట్టినా, ఏదో ఒక క్షణంలో అవన్నీ విప్పి అసలు ఆదేశాన్ని ప్రాసెసర్ ముందు పెట్టక తప్పదు. ఆ క్షణం కోసం కాచుకుని కూర్చునేవాడికి కంప్యూటర్ అతనిదే, సమయమూ అతనిదే.

లైసెన్స్ సరిచూసే భాగాన్నే తీసుకోండి. మీరు హార్డ్ డిస్క్ నంబరు తీసుకున్నారు, మదర్‌బోర్డు నంబరు తీసుకున్నారు, రెండూ కలిపి ఏదో లెక్క కట్టారు, కస్టమర్ టైపు చేసిన లైసెన్స్ నంబరుతో పోల్చారు. ఇదంతా రాయడానికి నెల పట్టింది అనుకుందాం. చివరికి తేలేది ఏమిటి? అవునా, కాదా. అంతే. ఆ జవాబును బట్టి ప్రోగ్రాము ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ భాషలో ‘సున్నా అయితే గెంతు’ అనే చిన్న ఆదేశానికి హెక్స్ అంకెల్లో, అంటే పదహారు ఆధారంగా రాసే అంకెల్లో, 74 అనే బైటు. ‘సున్నా కాకపోతే గెంతు’ అంటే 75. మీ ఫైలులో ఆ 74 ఎక్కడుందో వెతికి పట్టుకుని 75గా మారిస్తే, మీ నెల కష్టం అయిపోయినట్టే. లైసెన్స్ లేనివాడు దర్జాగా లోపలికి వస్తాడు. తమాషా ఏమిటంటే, ఆ మార్చిన ప్రోగ్రాములో డబ్బు కట్టి తెచ్చుకున్న లైసెన్స్ పెడితే బయటికి గెంటేస్తుంది! అందుకని కాస్త పనితనం ఉన్నవాడు 75 బదులు ‘ఏదేమైనా గెంతు’ అనే బైటు పెడతాడు. మొత్తం మీద మారింది ఒక్క బైటు.

ఇక్కడ ఎవరో ఒకరు, ఇదిగో మీరే, ‘మేము డిజిటల్ సంతకం వాడతాం కదా’ అంటారు. వాడండి, తప్పకుండా వాడండి. లైసెన్స్ ఫైలు మీద మీ దగ్గరి రహస్య కీతో సంతకం చేస్తారు, ప్రోగ్రాములో ఆ సంతకాన్ని సరిచూడటానికి మాత్రమే పనికొచ్చే పబ్లిక్ కీ ఉంటుంది. దానివల్ల ఒక గట్టి లాభం ఉంది. దొంగ లైసెన్సులు తయారుచేసే కీజెన్ ఎవరూ రాయలేరు. కానీ సంతకాన్ని సరిచూసి చివరికి అవునో కాదో చెప్పేది మళ్లీ ఆ 74 అనే బైటే! కీజెన్‌కు తలుపు మూసుకుంటుంది గానీ, ప్యాచ్‌కు, అంటే ఇలా ప్రోగ్రాములోనే బైటు మార్చేయడానికి, మూసుకోదు. ఈ తేడా తెలుసుకుని వాడితే ఇబ్బంది లేదు.

ఇదంతా మహా మేధావులు చేసే పని అనుకుంటున్నారా? ఒకప్పుడు కొంతవరకు అంతే. ఐడా వంటి మంచి డిస్‌అసెంబ్లర్, అంటే యంత్రభాషను మనిషి చదవగలిగే ఆదేశాలుగా మార్చే పనిముట్టు, కొనాలంటే డబ్బు ఉండాలి, దొరికినా చదవడానికి ఓపిక ఉండాలి. 2019 మార్చిలో అమెరికా జాతీయ భద్రతా సంస్థ, అదే ఎన్‌ఎస్‌ఏ, తన లోపలి వాడకానికి చేసుకున్న గిడ్రా అనే అలాంటి పనిముట్టును ఉచితంగా విడుదల చేసింది. మీ ఎగ్జిక్యూటబుల్ ఫైలును అందులో వేస్తే, దాదాపు సీ భాషలా చదువుకోగలిగే పాఠం వస్తుంది. జావా, డాట్‌నెట్ అయితే అంత శ్రమ కూడా అక్కర్లేదు. మీరు పెట్టిన క్లాసు పేర్లు, ఫంక్షన్ పేర్లు ఉన్నవి ఉన్నట్టు లోపలే ఉంటాయి. ఆండ్రాయిడ్ ఏపీకేను, అంటే యాప్ ఫైలును, జాడెక్స్ అనే పనిముట్టులో తెరవండి, మీ కోడ్ మీకే చక్కగా సర్దిపెట్టి కనిపిస్తుంది. పైథాన్‌లో రాసి ఎగ్జిక్యూటబుల్‌గా కట్టి, ‘ఇక ఎవరికీ తెలియదు’ అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ గదిలో కొందరైనా ఉంటారు. అది కట్టిన మూట మాత్రమే, కంపైల్ చేసిన యంత్రభాష కాదు. మూట విప్పడానికి ఉచిత స్క్రిప్టులు ఉన్నాయి. లోపల ఉండే బైట్‌కోడ్ అనే మధ్య రూపాన్ని మళ్లీ పైథాన్‌గా మార్చేవీ ఉన్నాయి.

సరే, మనవి చిన్న సంస్థలు. కోట్ల డాలర్లు ఉన్నవాళ్లు దాచగలిగారా?

డీవీడీల కథ చెబుతాను. సినిమాలను కాపీ చేయకుండా డీవీడీలకు సీఎస్ఎస్ అని ఒక ఎన్‌క్రిప్షన్ పెట్టారు. 40 బిట్ల కీ. ప్లేయర్ సినిమా చూపించాలంటే కీ ప్లేయర్‌లో ఉండాలి కదా? ఇనుప డబ్బా ప్లేయర్లలో ఒక దారి, కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ ప్లేయర్లలో ఇంకో దారి. తయారీదారులు ఎంతోమంది, ఒక్కొక్కరికి ఒక్కో కీ. వాళ్లలో జింగ్ అనే కంపెనీ తన సాఫ్ట్‌వేర్ ప్లేయర్‌లో కీని సరిగ్గా దాచలేదు. 1999 అక్టోబరులో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రాము బయటికి వచ్చింది. దాన్ని చేసినవాళ్లలో ఒకడు నార్వే కుర్రాడు జోన్ లెక్ జొహాన్సెన్. అప్పటికి అతనికి 15 ఏళ్లు. లినక్స్‌లో డీవీడీ చూసుకునే దారి లేదన్నది వాళ్ల వాదన. ఒక కీ చేతికి రాగానే అసలు పద్ధతి ఎంత బలహీనమో బయటపడింది, మిగతా కీలు వరసగా తేలిపోయాయి. జొహాన్సెన్ మీద నార్వేలో కేసు పెట్టారు. 2003 జనవరిలో నిర్దోషి అన్నారు, అదే ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా అదే మాట చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అంతమంది తయారీదారుల్లో ఒక్కరు ఏమరితే చాలు, అందరిదీ పోయింది. ఒకే రహస్యాన్ని అందరి చేతుల్లో పెట్టే పద్ధతికి ఈ గతి తప్పదు. మీ కస్టమర్లందరికీ ఒకే పాస్‌వర్డుతో డేటాబేస్ ఇస్తున్నారా? ఇస్తున్నవాళ్లు చేతులెత్తనక్కర్లేదు, మనసులో అనుకోండి చాలు.

ఇంకో కథ ఇంటర్నెట్‌లో ఫోను మాట్లాడుకునే స్కైప్‌ది. ఇది నాకు చాలా ఇష్టమైన కథ, ఎందుకంటే వాళ్లు నిజంగా కష్టపడ్డారు. ప్రోగ్రాములో కొంత భాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, నడిచేటప్పుడు మెమరీలో విచ్చుకుంటుంది. ప్రోగ్రామును మధ్యలో ఆపి లోపల చూపించే పనిముట్టును డీబగ్గర్ అంటారు, అప్పట్లో అందరూ వాడే సాఫ్ట్‌ఐస్ అనే డీబగ్గర్ ఉందేమో అని వెతుకుతుంది. మధ్యలో ఎవరైనా ఆపి చూస్తున్నారేమో అని సమయం కొలుస్తుంది. కోడ్‌లో ఒక్క బైటు మారినా పట్టుకునే తనిఖీలు వందల సంఖ్యలో, ఒకదాన్ని ఇంకొకటి కాపలా కాస్తూ ఉంటాయి. నేను చెప్పిన 74, 75 ఆట అక్కడ సాగదు. బైటు మారిస్తే ఒక తనిఖీ పట్టుకుంటుంది, ఆ తనిఖీని మారిస్తే ఇంకో తనిఖీ పట్టుకుంటుంది. ఏమైంది? 2006లో బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సు యూరప్‌లో జరిగినప్పుడు ఫిలిప్ బియోందీ, ఫాబ్రిస్ డెక్లో అనే ఇద్దరు పరిశోధకులు దీన్నంతా పొర తరవాత పొర విప్పి చూపించారు. తనిఖీలన్నింటికీ ఒక పోలిక ఉంటుంది కదా, ఆ పోలిక పట్టుకుని స్క్రిప్టుతో అన్నింటినీ ఏరేశారు.

ఓడిపోయారంటారా? నేననను. స్కైప్ మొదలైంది 2003లో. ఆ మధ్య కాలంలో అది ప్రపంచమంతా పాకింది. కావలసిన ఆలస్యం వాళ్లకు దొరికింది. మన సినిమావాళ్లను అడగండి, పైరసీ మొదటి ఆట నాడు వస్తే ఎంత నష్టం, యాభయ్యో రోజున వస్తే ఎంత నష్టం? వీడియో గేముల కంపెనీల లెక్కా అంతే. డెనువో అనే రక్షణకు డబ్బు కట్టేది విడుదలైన తొలి వారాల అమ్మకాల కోసం. కొంతకాలం పోయాక చాలా కంపెనీలు తామే దాన్ని తీసేస్తాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆరు నెలలు ఆలస్యమైతే విలువ పోయేది ఏదైనా ఉందా? రైస్ మిల్లు లెక్కల్లో అలాంటిదేమీ ఉండదు. ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను.

సిద్ధాంతం గురించి ఒక్క మాట, విద్యార్థుల కోసం. 2001లో బోజ్ బరాక్, మరో ఆరుగురు కలిసి, ఏ ప్రోగ్రామునైనా లోపల ఏముందో బొత్తిగా తెలియకుండా చేసే సర్వసాధారణ పద్ధతి ఉండదని గణితంగా నిరూపించారు. దానికన్నా తక్కువ హామీ ఇచ్చే ఒక రకం సాధ్యమేనని 2020లో ఆయుష్ జైన్, హుయిజియా లిన్, అమిత్ సహాయ్ చూపించారు. గొప్ప పని. కానీ మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు పనికిరాదు, నడిచే వేగం ఊహకందనంత తక్కువ.

ఇక చేయదగినవి. ఆండ్రాయిడ్ రాసేవాళ్లు ఆర్‌8 అనే పనిముట్టును ఆన్ చేసి పెట్టండి. ఉచితం. మీ పేర్లన్నీ ఏ, బీ, సీలుగా మారతాయి, వాడని కోడ్ పోతుంది, ఏపీకే చిన్నదవుతుంది. ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి, రెండూ కొత్తవాళ్లను ఏడిపిస్తాయి. మొదటిది, సర్వర్ నుంచి జేసన్ రూపంలో, అంటే పేరు, విలువ జతలుగా, వచ్చిన డేటాను క్లాసులోకి నింపేటప్పుడు ఫీల్డు పేరును బట్టే కదా నింపేది? ఆ పేరును ఆర్‌8 మార్చేసింది. టెస్టింగులో అంతా బాగుంటుంది, విడుదల చేసిన యాప్‌లో కస్టమర్ పేరు ఖాళీగా వస్తుంది. అలాంటి క్లాసులను ముట్టుకోవద్దని ముందే నియమం రాసి పెట్టుకోవాలి. రెండోది మ్యాపింగ్ ఫైలు. ఏ పేరు ఏదిగా మారిందో అందులో ఉంటుంది. ప్రతి విడుదలకూ ఒక ఫైలు, విడిగా దాచుకోవాలి. అది పోతే, యాప్ పడిపోయినప్పుడు వచ్చే రిపోర్టు మీకే అర్థం కాదు. అప్పుడు మీ సాఫ్ట్‌వేర్‌ను మీరే రివర్స్ ఇంజనీరింగ్, అంటే విప్పి చూసి అర్థం చేసుకునే పని, చేసుకోవాలి! ఇంకో సంగతి, ఆర్‌8 పేర్లు మారుస్తుందే తప్ప కొటేషన్ల మధ్య మీరు రాసిన మాటలను దాచదు. ‘లైసెన్స్ చెల్లదు’ అని ఒక సందేశం రాశారనుకోండి, విప్పేవాడు వెతికేది ఆ సందేశాన్నే. అది ఎక్కడ ఉంటే మీ తనిఖీ అక్కడే ఉంటుంది.

విండోస్‌లో ప్యాకర్లు, అంటే ప్రోగ్రామును కుదించి చుట్టిపెట్టే పనిముట్లు, వాడతారు కొందరు. యూపీఎక్స్‌తో కుదించి రక్షణ అనుకోకండి, దాన్ని విప్పే ఆదేశం యూపీఎక్స్‌లోనే ఉంది. గట్టి ప్యాకర్లు వాడితే ఇంకో తంటా. వైరస్‌లు రాసేవాళ్లూ అవే వాడతారు కాబట్టి యాంటీవైరస్‌కు అనుమానం వస్తుంది. పొద్దున్నే షాపు తెరిచి కస్టమర్ ఫోను చేస్తాడు, ‘మీ సాఫ్ట్‌వేర్‌లో వైరస్ ఉందటండీ’ అని. దొంగను ఆపారో లేదో గానీ డబ్బు కట్టినవాడిని భయపెట్టారు. మీ కోడ్‌ను ఎవరికీ తెలియని ఒక కల్పిత ప్రాసెసర్ భాషలోకి మార్చే వీఎంప్రొటెక్ట్ లాంటివి ఉన్నాయి. అవి నిజంగా విసిగిస్తాయి. కానీ ప్రోగ్రాము బాగా నెమ్మదిస్తుంది, అందుకని మొత్తానికి కాకుండా రెండు మూడు ఫంక్షన్లకే వాడాలి.

డాంగిల్ సంగతి అడిగారు. తెలుగు డీటీపీ చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రింటర్ పోర్టుకు తగిలించే ఆ చిన్న డబ్బా. డాంగిల్ ఉందా లేదా అని మాత్రమే ప్రోగ్రాము అడిగితే, అది మళ్లీ 74, 75 కథే. ప్రోగ్రాములో ఏదో ఒక అవసరమైన లెక్క డాంగిల్ లోపలే జరిగితే అప్పుడు కాస్త గట్టిది.

ఆ మాటలోనే అసలు విషయం ఉంది. రహస్యం కస్టమర్ చేతిలో లేకుండా చూడాలి. ఎస్ఎంఎస్ పంపే సర్వీసు కీ, పేమెంట్ గేట్‌వే రహస్య కీ, క్లౌడ్ పాస్‌వర్డు, ఇవి యాప్‌లో ఉండకూడదు. బేస్64 అనే, ఎవరైనా తిరిగి విప్పగలిగే రాతలోకి మార్చి పెట్టినా, రెండు ముక్కలు చేసి పెట్టినా ఉన్నట్టే. ఫ్రీడా అని ఒక పనిముట్టు ఉంది, నడుస్తున్న యాప్‌లోకి దూరి ఏ ఫంక్షన్‌కు ఏ విలువ వెళుతోందో చూపిస్తుంది. మీరు రెండు ముక్కలను కలిపే క్షణంలో అది పక్కనే నిలబడి ఉంటుంది. యాప్ మీ సర్వర్‌ను అడగాలి, మీ సర్వర్ ఎస్ఎంఎస్ పంపాలి. అంతే మార్గం.

‘మా ఊళ్లో నెట్ ఉండదండీ’ అంటారు. నిజమే, అందుకే అన్నింటినీ సర్వర్‌కు ఎక్కించమని నేను చెప్పను. నెలరోజులు చెల్లే సంతకం చేసిన అనుమతి ఇవ్వండి, నెట్ దొరికినప్పుడు అదే కొత్తది తెచ్చుకుంటుంది. గడియారం వెనక్కి తిప్పితే? తిప్పనివ్వండి! బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో చివరి బిల్లు తేదీ మీ దగ్గరే ఉంది కదా, దానికన్నా వెనక తేదీ వస్తే మీకు తెలిసిపోతుంది. పైగా బిల్లుల మీద తప్పు తేదీలు పడితే జీఎస్‌టీ రిటర్నుల దగ్గర ఇబ్బంది పడేది అతనే. గడువు దాటితే కూడా కౌంటర్ దగ్గర బిల్లు ఆపకండి. ఇది నా గట్టి అభిప్రాయం. రాత్రిపూట మందుల కోసం వచ్చినవాడు మీ లైసెన్స్ గొడవలో ఎందుకు నిలబడాలి? రిపోర్టులు ఆపండి, అప్‌డేట్లు ఆపండి, ఫోనులో సాయం ఆపండి. డబ్బు వస్తుంది.

ఈ విషయంలో హద్దు దాటితే ఎలా ఉంటుందో పోలండ్ రైళ్ల సంగతి చూడండి. అక్కడ ఒక ప్రాంతీయ రైల్వే తన ఇంపల్స్ రైళ్లను తయారీదారు దగ్గర కాకుండా వేరే వర్క్‌షాపులో మరమ్మతు చేయించింది. మరమ్మతు అంతా సరిగ్గా ఉంది, రైళ్లు మాత్రం కదలవు. డ్రాగన్ సెక్టార్ అనే బృందంలోని ముగ్గురు కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూశారు. ఫలానా అక్షాంశ రేఖాంశాల మధ్య, అంటే పోటీ వర్క్‌షాపులున్న చోట, రైలు కొన్నాళ్లు నిలబడితే కదలకుండా చేసే షరతులు కోడ్‌లో కనిపించాయని 2023 డిసెంబరులో జర్మనీలో జరిగిన సదస్సులో చెప్పారు. తయారీ కంపెనీ న్యూవాగ్ దాన్ని ఖండించింది, కోర్టుకు వెళ్లింది. ఎవరిది నిజమో కోర్టు తేలుస్తుంది. కానీ విప్పి చూసేవాడే లేకపోతే ఆ ప్రశ్న బయటికి వచ్చేదా? 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే ప్రోగ్రాము ఆసుపత్రులను స్తంభింపజేసినప్పుడు, దాన్ని విప్పి చూస్తూ అందులో ఉన్న ఒక వెబ్ చిరునామాను మార్కస్ హచిన్స్ అనే పరిశోధకుడు నమోదు చేయబట్టే వ్యాప్తి ఆగింది.

మన ఇంటి ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. యూనికోడ్ రాకముందు తెలుగు పత్రికల వెబ్‌సైట్లకు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు. ఏ సంకేతానికి ఏ అక్షరమో ఆ ఫాంటు చేసినవాళ్లకే తెలుసు. కాపీ చేస్తే గజిబిజి, వెతికితే దొరకదు. మొజిల్లా బ్రౌజర్‌కు పద్మ అనే పొడిగింపు వచ్చి, ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. ఒక్కో ఫాంటును విప్పి, ఒత్తులు ఎక్కడ, గుడులు ఎక్కడ అని పట్టికలు రాస్తే తప్ప కుదిరే పని కాదది. పాత తెలుగు రాతలు ఈనాటికీ చదవగలుగుతున్నామంటే అలాంటి ఓపిక వల్లే. అందుకే రివర్స్ ఇంజనీరింగ్ అనగానే దొంగతనం అనేవాళ్లతో నేను ఏకీభవించను.

మన చట్టమూ అలా అనదు. 1957 కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్ చూడండి. సాఫ్ట్‌వేర్‌ను న్యాయంగా సంపాదించుకున్నవాడు, తాను విడిగా రాసుకున్న ప్రోగ్రాము దానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం వేరే విధంగా దొరకకపోతే, అందుకు అవసరమైన పని చేయవచ్చు. దాని వెనకనున్న ఆలోచనలను తెలుసుకోవడానికి గమనించవచ్చు, పరీక్షించవచ్చు. మరోవైపు 2012లో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు. ఉద్దేశంతో అన్న మాట గమనించండి.

సమయం అయిపోవచ్చింది. వెనక నుంచి అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి దిగిపోతాను. ‘కాపీ కొట్టారని తెలిసింది, ఎవరి దగ్గర నుంచి పోయిందో ఎలా తెలుస్తుంది?’ మంచి ప్రశ్న అమ్మా. ప్రతి కస్టమర్‌కూ ఇచ్చే కాపీలో కంటికి కనిపించని తేడా ఒకటి పెట్టు. ఒక పట్టికలో వరసల క్రమం, ఒక బొమ్మలో రెండు పిక్సెళ్లు, ఏదైనా సరే. ఒకేచోట కాదు, నాలుగు చోట్ల. ఏ కాపీలో ఏ తేడా ఉందో మీ దగ్గర రాసిపెట్టుకో. బజారులో దొరికిన కాపీ తెరిచి చూస్తే ఎవరిదో తెలుస్తుంది, ఒప్పందంలో ముందే రాసుకుని ఉంటే నోటీసు ఇవ్వడానికి ఆధారమూ అవుతుంది. దొంగ కాపీ అని తెలిసి వాడితే 63బీ సెక్షన్ కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా జరిమానాతో వదిలే అధికారం కోర్టుకు ఉంది. ఒక్కటి మాత్రం మరచిపోకు, ఆ గుర్తులు రాసుకున్న పట్టికను ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు కస్టమర్ కంప్యూటర్‌లోకి మాత్రం పంపకు. నవ్వకండి, పంపినవాళ్లు ఉన్నారు.